మూడో కొవ్వొత్తి

ఆ ఆదివారం పొద్దున ఆకాశం తేరుకోలేదు. ఏటి అవతల నుంచి వచ్చిన పలచటి మబ్బు, విరిగిన పాల మీద తేలే నీళ్లలాగా, ఆర్మేనియాలోని షిరాక్ మైదానమంతా పరుచుకొని ఉంది. సూర్యుడు ఎక్కడున్నాడో తెలుస్తూనే ఉంది గాని కనబడటం లేదు. అరగాత్స్ కొండ నెత్తిన రాత్రికి రాత్రే కొత్త మంచు పడింది. సెప్టెంబరులోనే పడిందంటే ఈ ఏడు తేనెటీగల పెట్టెలకు తొందరగానే గడ్డి కప్పాలి.

తొవ్మాస్ పెట్టెల మధ్య నిలబడి ఆ గడ్డి సంగతే ఆలోచించాలని చూశాడు. ఒక పెట్టెకు చెవి ఆనించాడు. లోపల సద్దు ఉంది. మూతల మీద బరువుకు పెట్టిన రాళ్లు సరిచేశాడు. సరిచేసినవే మళ్లీ సరిచేశాడు.

రేపు పదకొండు గంటలకు వహాన్‌ను తెస్తారు. శవపేటికలో.

ఆ సంగతి ఊళ్లో తొవ్మాస్ ఒక్కడికే తెలుసు. కన్నతల్లి హైకానుష్‌కు తెలియదు. ఆమె దొడ్లో పొట్టేలు మెడకు ఎర్ర దారం కడుతూ, దానితో ఏదో మాట్లాడుతూ ఉంది.

మూడేళ్ల కిందట, యుద్ధం మొదలైన ఇరవయ్యో రోజున, వాళ్ల కొడుకు ఫోను పలకడం మానేసింది. అప్పటికి వాడికి ఇరవై నిండి నెల. చనిపోయినవాళ్ల జాబితాలో లేడు, పట్టుబడినవాళ్ల జాబితాలోనూ లేడు. మొగుడూ పెళ్లాలిద్దరూ పట్నం వెళ్లి, దొరికే శవాలతో పోల్చుకోవడానికని వేలు గుచ్చి రక్తమిచ్చి వచ్చారు. ఆ తర్వాత ఊళ్లో ముగ్గురు తల్లులు నల్ల గుడ్డ తలకు కట్టారు. హైకానుష్ కట్టలేదు. ఆమె గోధుమరంగు రుమాలే కట్టుకొని, ఆ ఏడు తల్లి చచ్చిన ఒక గొర్రె పోతుపిల్లను సీసాతో పాలు పట్టి పెంచింది. మొక్కుకుంది కూడా. బతికున్న నా బిడ్డ పేరు మీద దీన్ని మూడో ఏట సిలువ పండగనాడు పాత గుడి దగ్గర ఇస్తాను, వాణ్ణి ఇల్లు చేర్చు అని. అప్పటినుంచి ఆమెకు రోజులన్నీ ఆ పండగ వైపే నడిచాయి. పొట్టేలు ఒళ్లు చేసేకొద్దీ కొడుకు దగ్గరపడుతున్నట్టే ఆమెకు అనిపించేది.

పదకొండు రోజుల కిందట తొవ్మాస్ పెట్టెల దగ్గరున్నప్పుడు పట్నంలోని సైన్యం ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మొక్కుకు గల్లుప్పు తెస్తానని ఇంట్లో చెప్పి పట్నం బస్సెక్కాడు. ఆఫీసులో కూర్చున్నవాడు వహాన్ ఈడువాడే. మంచినీళ్లిచ్చాడు, పెద్ద పెద్ద మాటలు నిదానంగా చెప్పాడు. తొవ్మాస్‌కు వాటిలో ఒక్కటే ఎక్కింది, మీ రక్తంతో సరిపోయింది అని. తర్వాత ఒక బూటు చూపించారు. బూటు ఎవరిదైనా కావచ్చు. లేసు ముడి మాత్రం తొవ్మాస్‌దే. తేనె పెట్టెలను బండికి కట్టేటప్పుడు వేసే ముడి, గుంజేకొద్దీ బిగిసేది. వాడికి ఆరేళ్లప్పుడు తనే నేర్పాడు. ఆ ముడి మూడేళ్లు మట్టిలో ఉండి కూడా ఊడలేదు.

ఎప్పుడు తెమ్మంటారని ఆ కుర్రవాడు అడిగితే, సిలువ పండగ కానివ్వండి అన్నాడు. ఆదివారం పండగ కదా, సోమవారం తెస్తామని రాసుకున్నారు. పండగ మర్నాడు మృతుల దినమని, ఊరు ఊరంతా సమాధుల దగ్గరే ఉంటుందని తొవ్మాస్‌కు బస్సులో గాని గుర్తు రాలేదు.

ఆ రోజు ఇంటికి తిన్నగా పోలేకపోయాడు. దారిలో పాత గుడి దగ్గర దిగిపోయాడు. జేబులో కొవ్వొత్తులున్నాయి. ఎప్పుడూ ఉంటాయి, ఆయన మైనంతో ఆయన పోసినవే. పాత పట్టులన్నీ ఇనప కుండలో కరిగిస్తాడు కాబట్టి అవి టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. వత్తులు హైకానుష్ పాత దుప్పట్ల నూలు తీసి పేనుతుంది. ఆ చుట్టుపక్కల మిగతా అందరూ అంగట్లో దొరికే సన్నటి తెల్లవి వెలిగిస్తారు.

పాత గుడికి కప్పు లేదు. తాతలనాటికే లేదు. ఆర్మేనియా క్రీస్తును ఒప్పుకున్న తొలి నూరేళ్లలో కట్టిందంటారు. అపొస్తలుడి శిష్యుడొకడు ఏరు దాటి వచ్చి ఆ మిట్ట మీద కూర్చుని చెప్పులోని ముల్లు తీసుకున్నాడని, గుడి అక్కడే లేచిందని ముసలివాళ్ల మాట. తూర్పున అర్ధచంద్రంలా వంగిన గోడ ఒకటి నిలిచి ఉంది. ఆ గోడకు మనిషెత్తున ఒక గట్టు, నేలకు ఆనుకొని ఒక చదును రాయి. బతికున్నవాళ్ల కొవ్వొత్తి పై గట్టున పెట్టాలి, పోయినవాళ్లది కింది రాతి మీద. ఎప్పటినుంచి అలా ఉందో ఎవరికీ తెలియదు గాని మరోలా పెట్టినవాళ్లు లేరు.

తొవ్మాస్ కింది రాతి మీద ఎప్పటిలాగే అమ్మకొకటి, నాయనకొకటి వెలిగించాడు. మూడోది చేతిలో పట్టుకొని చాలాసేపు నిలబడ్డాడు. మూడేళ్లుగా వహాన్‌ది పై గట్టునే పెడుతున్నారు. ఆయన చెయ్యి పైకి లేచింది కూడా. లేచి ఆగిపోయింది. వంగి, దాన్ని కింద నాయన పక్కన నిలబెట్టాడు. దేవుడి ముందు అబద్ధమెందుకని. ఈ రాత్రికే హైకానుష్‌కూ చెప్పేస్తాననుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి హైకానుష్ పొట్టేలును కడుగుతోంది. నురగలోంచి తలెత్తి, ఉప్పు దొరికిందా అంది. ఆయన తేవడమే మరిచిపోయాడు. దొరికింది అన్నాడు. మర్నాడు పక్క ఊరు నడిచిపోయి తెచ్చాడు. ఆ ఒక్క మాట దాటిన తర్వాత ఇక నోరు పెగల్లేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాడు. ఆపైన, ఈ పండగొక్కటీ దాని చేతుల మీదుగా జరగనీ, మూడేళ్లు దీని కోసమే అన్నం తింది అనుకున్నాడు. అలా పదకొండు రోజులు.

హైకానుష్ తమ్ముడు మెస్రోప్ జీపు తెచ్చాడు. వాడు కూర్చుంటే జీపు ఒక పక్కకు ఒరుగుతుంది, నోరు మాత్రం క్షణం ఆగదు. వచ్చీ రావడంతోనే పొట్టేలు వీపు చరిచాడు.

"అక్కా, దీన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి బావను వెనక పడేద్దామా? మాటామంతీలో ఇద్దరూ ఒకటే గదా."

"పొట్టేలు నయం," అంది హైకానుష్. "పిలిస్తే పలుకుతుంది."

ఆమె నవ్వింది. పది రోజులుగా అప్పుడప్పుడూ నవ్వుతూనే ఉంది. తొవ్మాస్ పిడకల బస్తా ఎత్తి జీపులో వేశాడు. పెద్ద గిన్నె, రొట్టెల మూట, ఉప్పు, గ్లాసులు, పండగకని కోసిన, తులసి వాసన వేసే రేహాన్ ఆకు కట్ట. చివరిగా హైకానుష్ ఇంట్లోంచి మడత పెట్టిన నీలం చొక్కా ఒకటి తెచ్చి సంచిలో పెట్టింది. మొక్కు ఎవరి పేరు మీదో వాళ్ల నుదుట పొట్టేలు రక్తం బొట్టు పెడతారు. మనిషి ఎదురుగా లేకపోతే చొక్కాకు పెడతారు. ఆ చొక్కా ఆమె ఎప్పుడు ఇస్త్రీ చేసిందో ఆయనకు తెలియదు.

దారంతా మెస్రోపే మాట్లాడాడు. పట్నంలో తన అల్లుడి సంగతి, గోధుమ కోతల సంగతి, ఏటి అవతల పరాయి దేశపు కావలి గోపురంలో సిపాయిలు తన గేదెలను దుర్బీనుతో చూస్తారన్న సంగతి. తొవ్మాస్ వెనక కూర్చుని పొట్టేలు మెడ పట్టుకున్నాడు. అది బెదరలేదు. మనుషుల చేతుల్లో పెరిగింది, ఎక్కడికి తీసుకుపోయినా మేతకే అనుకుంటుంది. గుడి కనబడే మలుపులో ఆయన నోరు తెరిచాడు. ముందు సీట్లోంచి హైకానుష్ చెయ్యి వెనక్కి చాచి, మాట్లాడకుండా, పొట్టేలు చెవి నిమిరింది. ఆయన నోరు మూసుకున్నాడు.

పూజారి తేర్ సహాక్ వాళ్లకంటే ముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. మొక్కు పొట్టేలు తోలు పూజారికి చెందుతుంది. మెస్రోప్ దిగుతూనే, "అయ్యగారూ, మీ ఇంట్లో ఇన్ని తోళ్లున్నాయంట, లోపల గొర్రెలను పెట్టి కుట్టడమే తరవాయి," అన్నాడు. నీ తోలు ఒక్కటి వస్తే రెండు జీపులకు కప్పు వేస్తాను అన్నాడాయన. హైకానుష్ మళ్లీ నవ్వింది.

నవ్వుతూనే సంచిలోంచి కొవ్వొత్తుల చుట్ట తీసుకుంది. "నేను వెలిగించొస్తా," అని మెట్లెక్కింది.

తొవ్మాస్ పిడకల బస్తా దించుతున్నవాడల్లా ఆగిపోయాడు. కింది రాయి అప్పుడు గుర్తొచ్చింది. పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. గాలికి త్వరగా ఆరిపోయి ఉంటాయి, వేలెడేసి మొదళ్లు మిగిలే ఉంటాయి. రెండే ఉంటే అమ్మానాయనలవే అనుకునేది. ప్రతిసారీ రెండే, ఈసారి మూడు. బస్తా వదిలి రెండడుగులు వేశాడు. తేర్ సహాక్ చెయ్యి పట్టుకొని, పొయ్యి ఏ పక్కన పెడుతున్నావు, గాలి ఏటి మీదినుంచి వస్తోంది చూడు, పొగంతా గుళ్లోకే పోతుంది అన్నాడు. పెద్దాయన చెయ్యి విదిలించలేక తొవ్మాస్ ఆ పక్కకా ఈ పక్కకా అని తలూపుతూ నిలబడ్డాడు. గోడ మీద డేగ ఒకటి కూర్చుని రెక్కలు గోక్కుంటోంది.

హైకానుష్ రావడానికి కొంచెం ఎక్కువ సేపే పట్టింది. వచ్చినప్పుడు ముఖంలో ఏమీ లేదు. చేతులు ఆప్రానుకు తుడుచుకుంటూ తిన్నగా పొట్టేలు దగ్గరికి పోయి, దాని గడ్డం ఎత్తి కళ్లలోకి చూసింది. తొవ్మాస్ వైపు చూడలేదు. చూడలేదంటే తెలియదనే అనుకున్నాడాయన. అలా అనుకోవాలనిపించింది.

తేర్ సహాక్ పళ్లెంలో ఉప్పు పోసుకొని, దాని మీద రేహాన్ కొమ్మా, చిన్న సిలువా పెట్టి లేచాడు. పుస్తకం తెరిచి, అడగవలసిన మాట అడిగాడు.

"ఎవరి పేరు మీద? బతికున్నవాళ్లలో చెప్పాలా, పోయినవాళ్లలో చెప్పాలా?"

ఆయనకు సమాధానం తెలుసు. ఊరందరికీ తెలుసు. అయినా అడగాలి, ఇంటి యజమాని చెప్పాలి. తొవ్మాస్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు. దాని అంచు వేళ్లతో తిప్పాడు. ఇదే ఆఖరు సందు, ఈ ఉప్పు పొట్టేలు నోట్లో పడేలోపు చెప్పాలి అనుకున్నాడు. మెస్రోప్ కూడా గొంతు సవరించుకోవడం మానేసి ఆయన వైపు చూశాడు. ఏటి నీళ్లు లోయ అడుగున పారే చప్పుడు వినపడింది.

"వహాన్," అంది హైకానుష్. "బతికున్నవాళ్లలో చెప్పండి, అయ్యగారూ."

పూజారి చదివాడు. వహాన్ పేరు బతికున్నవాళ్ల పేర్లతో కలిసి కప్పులేని గుళ్లోకి పోయింది. హైకానుష్ అరచేతిలో ఉప్పు పెట్టుకొని పొట్టేలుకు చూపింది. అది ఆమె చేతిని శుభ్రంగా నాకింది, వేళ్ల సందులతో సహా. తర్వాత గుడి చుట్టూ మూడు తిరుగుళ్లు. ముందు పూజారి, వెనక తొవ్మాస్ చేతిలో తాడు, తాడు బిగిసే పనే లేకుండా పక్కన నడిచే పొట్టేలు. దేవుడు అడిగిన బలికి అబ్రాహాము కొండెక్కినప్పుడు వెంట కొడుకున్నాడు, పొట్టేలు లేదు. కొడుకుకు బదులు పొట్టేలు తర్వాత దొరికింది. రెండో తిరుగులో తొవ్మాస్‌కు అది మనసులో మెదిలింది. మూడో తిరుగులో కాళ్ల కింద రాళ్లు తప్ప ఏమీ చూడలేదు.

కత్తి మెస్రోప్ పట్టాడు. అప్పుడొక్కటే వాడు మాట్లాడడు. పని త్వరగా అయిపోయింది. వేలు రక్తంలో ముంచి వెనక్కి తిరిగాడు.

"అక్కా, చొక్కా ఇటివ్వు."

"ఉండనియ్యి."

"ఉండనియ్యి ఏంది? రక్తం ఆరిపోతుంది."

"ఆరనియ్యి," అంది ఆమె. సంచి ఒళ్లోకి తీసుకొని, దాని మీద రెండు చేతులూ పెట్టుకొని కూర్చుంది.

మెస్రోప్ అక్క వైపు, బావ వైపు చూసి, వేలు గడ్డికి తుడుచుకున్నాడు. ఎండ దెబ్బ తగిలిందేమో దీనికి అని గొణిగాడు. ఎండే లేదు.

మొక్కు మాంసంలో ఉప్పు తప్ప ఏమీ వేయరు. గిన్నె పొయ్యి మీదికెక్కింది. మెస్రోప్ తోలు మడిచి పూజారి గుర్రపుబండిలో పెట్టడానికి పోయాడు. తొవ్మాస్ ఆ సందున మెట్లెక్కి లోపలికి వెళ్లాడు.

పై గట్టున పాత మైనం గీతలున్నాయి, మూడేళ్లవి. వెలిగేది ఒక్కటీ లేదు.

కింది రాతి మీద మూడు మొదళ్లు, టీ డికాక్షన్ రంగువి. వాటి పక్కనే, ఒక్కోదానికి ఒక్కోటి, కొత్తవి మూడు వెలుగుతున్నాయి. మూడో మొదలు చుట్టూ ఉన్న దుమ్ము, ఎండుటాకులు ఎవరో చేత్తో ఊడ్చారు. గాలి తగలకుండా ఆ పక్కన ఒక చిన్న రాయి నిలబెట్టారు.

తొవ్మాస్ గోడకు చెయ్యి ఆనించాడు. బూటు చూసినప్పుడు తనొక్కడే మోశాడు గనక ఎలాగో నిలిచాడు. ఆ పేరు ఆమె బతికున్నవాళ్లలో చెప్పింది ఇవి చూసి వచ్చిన తర్వాత. ఆయన నోరు తెరవలేక నిలబడితే, ఎవరూ ఆయన వైపు ఇంకో క్షణం చూడకముందే చెప్పింది. మొక్కు ఎవరి పేరున మొక్కిందో వాడి పేరునే తీర్చింది, వాడు లేడని తెలిసి.

బయటికొచ్చేసరికి ఆమె గిన్నె మీది నురగ తీస్తోంది. ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. పూజారి దూరంగా మెట్ల మీద కళ్లు మూసుకొని ఉన్నాడు.

"ఎప్పుడు తెస్తారు?" అంది, గరిటె ఆపకుండా.

"రేపు."

"పొద్దున్నేనా?"

"పదకొండింటికి."

ఆమె నురగను రాయి మీద విదిలించింది. "నువ్వు ఉప్పు కోసమని పట్నం పోయిన రోజేనా తెలిసింది?"

ఆయన తలూపాడు.

"పదకొండు రోజులు," అంది. గొంతు పెంచలేదు. "పదకొండు రోజులుగా వాడు నీ ఒక్కడికే కొడుకైనాడా, మనిషీ?"

తొవ్మాస్‌కు చెప్పడానికి చాలా ఉంది. పండగ నీ చేతుల మీదుగా జరగాలనుకున్నానని, నురగలోంచి తలెత్తి ఉప్పు దొరికిందా అని అడిగావని, లేసు ముడి ఊడలేదని. ఒక పిడక పొయ్యిలోకి తోశాడు. ఇన్నాళ్లూ దాని ఏడుపు తను దాచిపెట్టాడు. దాని నవ్వు చూస్తూ కూర్చున్నాడు. దానికి ఇప్పుడు ఆ నవ్విన ప్రతిసారీ గుర్తొస్తుంది, బతికినన్నాళ్లూ. అది దయ అనుకొని చేశాడు.

"పదకొండింటికి అంటే ఇల్లు ఊడవాలి," అంది ఆమె. "బల్లలు చాలవు. బడిలో అడగాలి. చొక్కా ఇదే తొడుగుదామా?"

తొడగడానికి ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదని ఆయన చెప్పలేదు. చెప్పకుండా పొయ్యి వైపు చూశాడు. చెప్పనందువల్లే ఆమెకు అదీ తెలిసిపోయింది. సంచి మీది చెయ్యి తీసేసింది.

మాంసం ఉడికేసరికి మబ్బు ఇంకా కిందికి దిగింది. ఏడిళ్లకు పంచాల్సిన వాటా వేరే గిన్నెలోకి తీశారు. మిగతాది గుడి మెట్ల మీద రుమాలు పరిచి పెట్టారు, పక్కన పలచటి రొట్టెలు. మెస్రోప్ పండ్ల సారా నాలుగు గ్లాసుల్లో పోసి, తనది ఎత్తి లేచి నిలబడ్డాడు. వాడికి ఇష్టమైన పని ఇది. ఊళ్లో ఏ విందుకైనా వాడే లేచి మాట్లాడతాడు.

"మా వహాన్ పేరున," అన్నాడు. "వచ్చే ఏడు ఈ మెట్ల మీద వాడు ఈ మేనమామ పక్కన కూర్చుని, నా వాటా కూడా లాక్కొని తినాలి."

గ్లాసు అక్క వైపు చాచాడు. హైకానుష్ తన గ్లాసు ఎత్తింది. వాడి గ్లాసు దగ్గరికి వస్తుంటే ఆమె తనది నిదానంగా వెనక్కి, రొమ్ము దగ్గరికి తీసుకుంది. చప్పుడు కాలేదు. పోయినవాళ్ల పేరున తాగేటప్పుడు గ్లాసులు తాకించరు. అది తెలియనివాడు ఆ దేశంలో పుట్టలేదు.

మెస్రోప్ చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. తొవ్మాస్ వైపు చూశాడు. తొవ్మాస్ కూడా తన గ్లాసు రొమ్ముకు ఆనించుకొని ఉన్నాడు. మెస్రోప్ గ్లాసు దించాడు. అంత మనిషీ మెల్లగా మెట్టు మీద కూలబడ్డాడు.

తేర్ సహాక్ ముగ్గురి ముఖాలూ చూశాడు. నోటిదాకా వచ్చిన మృతుల ప్రార్థన మింగేశాడు. ఆ ప్రార్థన రేపటిది.

మొక్కు మాంసం మర్నాటికి మిగలకూడదు. హైకానుష్ రొట్టె చింపి, ఒక ముక్క మాంసం పెట్టి తమ్ముడి చేతిలో పెట్టింది. ఇంకోటి పూజారికి ఇచ్చింది. మూడోది మొగుడి ముందు పెట్టింది, ఆయన ముఖం చూడకుండా. తర్వాత తనకు తీసుకుంది. గుడి లోపల గాలికి మైనం వాసన వస్తోంది. నలుగురూ తలలు వంచుకొని నమిలారు. ఉప్పు సరిపోయిందని గాని, తక్కువైందని గాని ఎవరూ అనలేదు.